ఐదో నెల నిండకముందే

ఇంట్లో మగపిల్లిని పెంచుకుంటున్నవాళ్లు దానికి ఐదో నెల నిండేలోపు వృషణాలు తీసే ఆపరేషన్ చేయించాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకు, ఎక్కడ, ఎలా, ఆ రోజు ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవన్నీ దీని వెంట వచ్చే వివరాలు. ఆడ పిల్లికి చేయించాలని మనకే తోస్తుంది, ఎందుకంటే పిల్లలు పెట్టేది అది. అటక మీద నాలుగు కూనలు కనబడేసరికి ఎవరికైనా ఆలోచన మొదలవుతుంది. మగదాని దగ్గరికి వచ్చేసరికి “మగదే కదా, దానికేం” అని వదిలేస్తాం. అలా వదిలేస్తే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆ పిల్లే.

తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఆలంగుళం చుట్టుపక్కల ఊళ్లనే తీసుకుందాం. సిమెంటు కర్మాగారం, సున్నపురాయి గనులు, ఆ రాయి మోసే లారీలు. ఊరు దాటితే నల్లటి కరిసల్ నేలలు. ఒకవైపు శివకాశి, మరోవైపు రాజపాళయం, కాస్త దూరాన కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. పత్తి, మిరప, మొక్కజొన్న ఇంటికి చేరే చోట ఎలుకలూ చేరతాయి. ఎలుకల కోసం పిల్లిని తెచ్చుకుంటాం, నాలుగు రోజులకే అది ఇంటి మనిషైపోతుంది. పగలంతా గడప మీద పడుకునే ఆ కూన ఆరేడు నెలలు వచ్చేసరికి ఇల్లు పట్టకుండా తిరగడం మొదలుపెడుతుంది. ఏడాది తిరిగేసరికి చాలా ఇళ్లలో ఆ పిల్లి ఉండదు. “ఎటో పోయింది” అంటారు. అది ఎటు పోయిందో, ఎందుకు పోయిందో కాస్త నిలబడి ఆలోచిద్దాం.

ఎటో పోయిన పిల్లి కథ

ఐదారు నెలల వయసులో మగపిల్లి ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే హార్మోను పెరగడం మొదలవుతుంది. గొంతు మారుతుంది. రాత్రిళ్లు పిట్టగోడ ఎక్కి అరుస్తుంది. తిండి మీద ధ్యాస తగ్గుతుంది. ఒకనాడు బీరువా దగ్గరికి పోయి, దానికి వీపు పెట్టి నిలబడి, తోక నిటారుగా ఎత్తి, ఆ తోక వణుకుతుండగా వెనక్కి సన్నటి ధార చిమ్ముతుంది. మామూలుగా మూత్రం పోసేటప్పుడు పిల్లి కూర్చుంటుంది. ఇక్కడ నిలబడి చిమ్మిందంటే అది మూత్రం ఆపుకోలేక చేసిన పని కాదు, ఈ చోటు నాది అని తోటి పిల్లులకు చెప్పడం. ఎదిగిన మగపిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, అది విడిపోయేకొద్దీ ఘాటు వాసన వస్తుంది. ఫినాయిల్ పోసి కడిగినా అది పోదు, పైగా ఫినాయిల్ పిల్లికి విషం. ఈ దశలో ఇంట్లోవాళ్ల చేతికి చీపురు వస్తుంది. ఎందుకు కొట్టారో పిల్లికి అర్థం కాదు. మనిషంటే భయం మాత్రం పట్టుకుంటుంది.

ఇక బయట జరిగేది ఇంతకన్నా ఘోరం. ఎదకు వచ్చిన ఆడ పిల్లి కోసం రెండు మూడు మగపిల్లులు కలబడతాయి. కోరపన్ను సూదిలాంటిది. గుచ్చుకున్న చోట పైన చిన్న రంధ్రమే పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో అది మూసుకుపోతుంది. లోపల మాత్రం చీము పడుతుంది. మూడు నాలుగు రోజులకు చెంపో, ముందు కాలో, తోక మొదలో ఉబ్బుతుంది. పిల్లి జ్వరంతో మంచం కింద దూరి తిండి ముట్టదు. ముఖ్యంగా పోట్లాటలో పడిన కాటు వల్లనే ఎఫ్‌.ఐ.వి. అనే వైరస్ ఒక పిల్లి నుంచి మరో పిల్లికి ఎక్కుతుంది. అది మనుషులకు సోకదు. పిల్లికి మాత్రం రోగాన్ని తట్టుకునే శక్తిని కొన్నేళ్లలో హరించగలదు, నయం చేసే మందు లేదు. వీధికుక్కల నోట పడితే రేబిస్ భయం, అది ఇంటిల్లిపాదికీ ముప్పు. ఇవన్నీ తప్పించుకున్నా లారీలు తిరిగే రోడ్డు ఉంది, చేలల్లో గట్టు లేని బావి ఉంది.

చలి దేశాలలో ఈ బెడద ఏడాదికి కొన్ని నెలలే. పగటి వెలుగు ఎక్కువగా ఉండే కాలంలోనే ఆడ పిల్లులు ఎదకు వస్తాయి, శీతాకాలంలో ఆగిపోతాయి. ఆలంగుళం భూమధ్యరేఖకు పది డిగ్రీల లోపే ఉంది. ఇక్కడ పగటి పొద్దు ఏడాది పొడవునా పెద్దగా మారదు. చూలు మోసేది సుమారు 65 రోజులు, కూనలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు. అంటే మన మగపిల్లికి విరామమన్నదే లేదు, ఏడాదంతా ఏదో ఒక గోడ అవతలి నుంచి పిలుపు వస్తూనే ఉంటుంది.

ఆపరేషన్ దీన్ని ఎంతవరకు మారుస్తుంది? అమెరికాలో హార్ట్, బారెట్ అనే ఇద్దరు 1973లో ప్రచురించిన పరిశీలన ఇప్పటికీ ఉదహరిస్తారు. బాగా ఎదిగిన మగపిల్లులకు ఆపరేషన్ చేశాక చూస్తే తిరుగుడు, పోట్లాట, చిమ్మడం ఒక్కొక్కటీ నూటికి ఎనభైకి పైగా పిల్లుల్లో తగ్గిపోయాయి. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం గానీ ఈ విషయంలో మాను కూడా చాలావరకు వంగుతుందన్నమాట. కాబట్టి మీ పిల్లికి రెండేళ్లు వచ్చేశాయని నిరాశపడకండి. అయితే ఎక్కువకాలం చిమ్మిన పిల్లికి అది అలవాటుగా మిగిలిపోయే వీలుంది. మొదటిసారి గోడకు చిమ్మకముందే, మొదటి కాటు తినకముందే చేయిస్తే ఆ అలవాటు పుట్టనే పుట్టదు. ఐదో నెల అని నేను పట్టుబట్టడానికి కారణం ఇది.

అవ్వను ఒప్పించడం

డాక్టరు దొరకడం కంటే ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడమే చాలామందికి కష్టం. ఈ సంభాషణ మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది.

“నోరులేని దాని ఉసురు పోసుకుంటావటే? దానికి కత్తి పెట్టించి నువ్వేం బాగుపడతావు?”

“అవ్వా, మనం ఎద్దులకు చేయించేవాళ్లం కాదా?”

“అది సేద్యానికి. ఇదేం కాడి మోస్తుందా?”

అవ్వ మాటను కొట్టిపారేయకండి. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని నమ్మిన తరం అది. ఆ నమ్మకం వెనక పిల్లి ప్రాణానికి ఇచ్చిన విలువ ఉంది, ఆ విలువ మీదనే నిలబడి మాట్లాడండి. కరిసల్ సేద్యం చేసిన కుటుంబాలలో కోడెకు విత్తులు కొట్టించడం చూడనివాళ్లు లేరు. మత్తు లేదు, నొప్పికి మందు లేదు, నలుగురు మనుషులు కోడెను పడవేసి పట్టుకునేవారు. అది మన అవసరానికి చేసిన పని. పిల్లికి చేయించేది మత్తిచ్చి, నొప్పి తెలియకుండా, దాని ఆయుష్షు కోసం. “అవ్వా, పోయినేడు చెంప కుళ్లి చచ్చిపోయిన పిల్లిని గుర్తు చేసుకో” అని అడగండి. పల్లెలో అలాంటి పిల్లి గుర్తులేని అవ్వ ఉండదు.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఎలుకలది. “మగతనం పోతే సోమరిదై పడుకుంటుంది, ఎలుక ముఖం చూడదు.” ఇది నిజం కాదు. వేటాడే గుణానికీ వృషణాలకూ సంబంధం లేదు. కదిలే వస్తువును చూసి పొంచి దూకడం కూన కళ్లు తెరిచిన కొన్ని వారాలకే మొదలవుతుంది, టెస్టోస్టెరాన్ అప్పటికి ఆమడ దూరంలో ఉంటుంది. ఆపరేషన్ అయిన పిల్లి రాత్రిపూట మీ ధాన్యం గదిలోనే ఉంటుంది కాబట్టి ఎలుకలకే ఎక్కువ కష్టం. పిల్లి కదలకుండా పడుకుందంటే దానికి కారణం తిండి ఎక్కువై ఒళ్లు రావడం, దాని సంగతి చివర్లో చెబుతాను.

“ఒక్కసారైనా జత కట్టనివ్వాలి కదా, లేకపోతే దానికి వెలితి” అనేది మూడో మాట. ఇది మనిషి మనసును పిల్లికి తొడగడం. జరగని దాన్ని తలచుకుని పిల్లి కుమిలిపోదు. హార్మోను ఉంటే కోరిక, లేకపోతే లేదు. పైగా ఆ ఒక్కసారికి పుట్టే కూనలు మీ అటక మీద పుట్టవు కాబట్టి మీ కంట పడవు. పక్కవీధి గడ్డివాములోనో, మూతపడిన గోదాములోనో పుడతాయి. వాటిలో ఎన్ని బతుకుతాయో ఆ వీధివాళ్లను అడిగితే తెలుస్తుంది.

చివరి భయం అసలైన భయం. “మత్తులో పోతేనో?” దీనికి నవ్వి ఊరుకోకూడదు, లెక్క చెప్పాలి. బ్రిటన్‌లో లక్షకు పైగా జంతువుల మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో మత్తు సంబంధమైన మరణాలు సుమారు వెయ్యికి ఒకటి. ఆ ఒకటి కూడా మీ పిల్లి కాకుండా చూసుకోవడానికి మీ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి: తూకం, పస్తు, ఒంటి వేడి. ఆపరేషన్ చేయించని మగపిల్లి వీధిలో ఎదుర్కొనే అపాయంతో పోల్చుకుని మీరే తేల్చుకోండి. జాలి ఉన్నవాళ్లే ఈ పనిని వాయిదా వేస్తారని నేను గమనించాను. జాలి మంచిదే, అయితే దానికొక తేదీ ఉండాలి.

డాక్టరు, తూకం, బుట్ట

ముందు అది మగదో కాదో చూసుకోండి. రెండు నెలల కూనలో పొరపాటు పడడం మామూలే. తోక ఎత్తి చూస్తే మలద్వారానికీ దాని కింది రంధ్రానికీ మధ్య మగదానికి ఎడం ఎక్కువ, ఆ ఎడంలో రెండు చిన్న ఉబ్బులు వేలికి తగులుతాయి. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ ఉంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. రెండు ఉబ్బుల్లో ఒకటే తగిలితే డాక్టరుకు తప్పక చెప్పండి. రెండోది కిందికి దిగక లోపలే ఉండిపోయి ఉంటుంది, దాన్నీ వెతికి తీయాలి. ఒకటి వదిలేస్తే చిమ్మడం, తిరగడం అలాగే ఉంటాయి.

ఆ తర్వాత డాక్టరు. ఇక్కడ ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. మేకపోతులకు చేసే చేయి తిరిగిన మనిషి ఊళ్లో ఉంటాడు, “గోనెసంచిలో తల దూర్చి పట్టుకోండి, రెండు నిమిషాల పని” అంటాడు. వద్దు. మత్తు లేకుండా కోయడం క్రూరత్వం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉన్నది ఇలాంటివాటి కోసమే. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం శస్త్రచికిత్స చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యుడు.

ప్రభుత్వ పశువుల ఆసుపత్రి మీకు దగ్గరలోనే ఉంటుంది. అక్కడి డాక్టరుకు రోజంతా ఆవులు, గేదెలు, మేకలతోనే సరిపోవచ్చు, అందుకని సంకోచించకుండా అడగండి: “పిల్లులకు చేస్తుంటారా సార్? ఏ రోజు రమ్మంటారు?” చేయనంటే ఎవరు చేస్తారో ఆయనే చెబుతారు. తిరునెల్వేలిలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. వృషణం కడుపులో ఉండిపోయినదానికి, గుండె చప్పుడు తేడాగా ఉన్నదానికి అలాంటి చోటే మంచిది. ప్రైవేటు క్లినిక్‌కు ఫోను చేసేటప్పుడు మత్తు, నొప్పి ఇంజెక్షన్, మందులు, మెడకు వేసే కోన్, మళ్లీ చూపించుకోవడం అన్నీ కలిపి ఎంతో ఒకేసారి అడగండి. విడివిడిగా అడిగితే లెక్క తేలదు.

టీకాలు ముందే అయిపోవాలి. ఎనిమిది, పన్నెండు వారాలప్పుడు మూడు జబ్బులకు కలిపి వేసే టీకా, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా. ఆసుపత్రికి నానా జంతువులూ వస్తాయి, టీకా లేని కూనను అక్కడికి తీసుకుపోవడం రోగాన్ని ఇంటికి తెచ్చుకోవడమే. కడుపులో పురుగులకు మందు కూడా ఈలోపే.

తూకం చాలా ముఖ్యం. మత్తుమందు కొలత బరువును బట్టే. ఇంట్లో తూకం యంత్రం ఉంటే పిల్లిని ఎత్తుకుని ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా తీయండి. ఐదు నెలల మగపిల్లి రెండు కిలోల పైచిలుకు ఉంటుంది. డాక్టరు కంటి అంచనాతో సూది వేయబోతుంటే బరువు చెప్పడం మీ హక్కు.

బుట్ట సంగతి. పిల్లిని సంచిలో వేసి బండి హ్యాండిల్‌కు తగిలించుకుపోవడం చూస్తుంటాం. ఆ ఎండలో, ఆ భయంలో దానికి ఊపిరాడదు. గాలి ఆడే ప్లాస్టిక్ బుట్ట, గట్టిగా బిగించే మూత, లోపల పాత తువ్వాలు ఉంటే చాలు. ఆ బుట్టను వారం ముందే ఇంట్లో తెరిచి ఉంచి అందులో తిండి పెట్టండి. దానంతటది ఎక్కి పడుకోవడం మొదలుపెడితే ఆ రోజు ఉదయం చేతులు గీరించుకునే పని ఉండదు. గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో పావుగంట సేపు పారే నీటి కింద కడిగి, రేబిస్ సూది కోసం మనుషుల ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి పిల్లే కదా అని ఊరుకోకూడదు.

రోజు ఎంచుకునేటప్పుడు రెండు చూసుకోండి. అగ్నినక్షత్రం అనే మండువేసవి రోజుల్లో అయితే పొద్దున్నే మొదటి వంతు అడగండి, మధ్యాహ్నపు ఎండలో బస్సు ప్రయాణం వద్దు. దీపావళి వారం అసలే వద్దు. శివకాశి చుట్టుపక్కల ఊళ్లలో ఆ వారం టపాసుల మోత ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మత్తు దిగుతున్న పిల్లికి ప్రతి చప్పుడూ పదింతలుగా వినబడుతుంది, గోడ దూకి పారిపోతుంది.

ముందు రాత్రి

రాత్రి పది తర్వాత తిండి పెట్టకూడదు. నీళ్లు బయలుదేరే వరకు ఉంచవచ్చు. మత్తిచ్చేముందు వేసే కొన్ని మందులకు పిల్లులు వాంతి చేసుకుంటాయి. కడుపు నిండుగా ఉంటే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణాలు పోయేది అలాంటప్పుడే. నాలుగు నెలలు నిండని కూన అయితే ఇంతసేపు పస్తుంచకూడదు, చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలో డాక్టరునే అడగాలి.

ఈ ఒక్క నియమం ఇంట్లో అందరికీ తెలియాలి. తెల్లవారుజామున పిల్లి అవ్వ కాళ్లకు రాసుకుంటూ అరుస్తుంది. “పాపం, ఆకలికి అల్లాడుతోంది, గుక్కెడు పాలేగా” అని అవ్వ గిన్నె పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది, అందుకే ముందు రాత్రే చెప్పి ఉంచాలి. పెట్టేశాక తెలిస్తే దాచకండి, డాక్టరుకు చెప్పి రోజు మార్చుకోండి. రాత్రంతా పిల్లిని ఒక గదిలో ఉంచి తలుపు వేయండి. లేకపోతే పస్తు పేరు మీద పక్కింట్లో కరువాడు (ఎండుచేప) తినివస్తుంది.

పది నిమిషాలు

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. తొడ కండలో సూది వేస్తారు. కొద్ది నిమిషాల్లో తల వాలుతుంది, కంటి మూలనుంచి తెల్లటి మూడో రెప్ప అడ్డంగా వస్తుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. చూసేవాళ్లు మెలకువగా ఉందనుకుని గాభరా పడతారు, అది కెటమిన్ అనే మందు తీరు. కళ్లు ఎండిపోకుండా లేపనం పెడతారు. వృషణాల మీది వెంట్రుకలను పీకి తీసి, మందుతో తుడుస్తారు. సెంటీమీటరు మేర చిన్న గాటు. వేరుశనగ గింజంత వృషణం బయటికి వస్తుంది. దాని నాళాన్నీ రక్తనాళాన్నీ వాటితోనే ముడి వేసి బిగించి, కోసి, ముడిని లోపలికి జారనిస్తారు. రెండో వైపూ అంతే. పైన చాలామంది కుట్లు వేయరు, చర్మం దానంతటదే అతుక్కుంటుంది. పది నిమిషాల్లో ముగుస్తుంది. ఆడ పిల్లికి కడుపు తెరవాలి, కాబట్టి సమయమూ ఖర్చూ ఎక్కువ. మగదానికి ఇంత తేలిక గనుకనే వాయిదా వేయడానికి సాకు లేదంటున్నాను.

వృషణాల తిత్తి అలాగే ఉంటుంది, కొద్దిగా వాచి కనబడుతుంది. “తీయలేదేమో” అని ఇంటికొచ్చాక అనుమానపడతారు. కొన్ని వారాల్లో అది ముడుచుకుపోతుంది.

బయలుదేరేముందు డాక్టరును మూడు అడగండి: నొప్పికి సూది వేశారా, ఇంటికి ఏ మందు ఎన్ని రోజులు, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోను చేయాలి.

ఇంటికి వచ్చాక

మొదటి రాత్రే జాగ్రత్తగా చూసుకోవాల్సింది. మత్తులో ఉన్న పిల్లి ఒంటి వేడి పడిపోతుంది. దుప్పటి చుట్టి నేల మీదనే పడుకోబెట్టండి. మంచం మీద, అరుగు మీద వద్దు, తూలి పడుతుంది. వేడినీళ్ల సీసా పెట్టదలిస్తే గుడ్డ చుట్టి పక్కన ఉంచండి, ఒంటికి తగలనివ్వకండి. దీపం తగ్గించి, టీవీ ఆపి, పిల్లలను బయటికి పంపండి. ఇంట్లో మరో పిల్లి ఉంటే వేరే గదిలో ఉంచండి, ఆసుపత్రి వాసనకు అది దీన్ని కొత్త పిల్లి అనుకుని మీద పడుతుంది. తల నిలబెట్టి, తూలకుండా నడిచే వరకు తిండి పెట్టకూడదు. ఆ తర్వాత కొద్దిగా నీళ్లు, ఒక గంటకు రెండు ముద్దలు.

పిల్లి మలమూత్రాల తొట్టిలో ఇసుకో కరిసల్ మట్టో పోసే అలవాటు ఉంటే వారం రోజులు మానండి. కరిసల్ మట్టి తడిస్తే గాయానికి అంటుకుని గట్టిపడుతుంది. పాత పేపర్లు చింపి వేయండి. పది రోజులు స్నానం వద్దు. వారం పాటు వీధిలోకి వదలకండి.

ఇంటి వైద్యం గురించి నా మాట వినండి. గాయానికి డెటాల్ రాయకూడదు, పిల్లి దాన్ని నాకుతుంది, అందులోని మందు దానికి విషం. కర్పూరం కలిపిన నూనె కూడా అంతే. అన్నిటికంటే పెద్ద ప్రమాదం పారాసిటమాల్. “నొప్పిగా ఉందేమో, పావు మాత్ర వేద్దాం” అనే దయ పిల్లి ప్రాణం తీస్తుంది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. మనం జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు. డాక్టరు ఇచ్చిన మందు తప్ప మరేదీ దాని నోట్లో పడకూడదు.

ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తోక ఎత్తి చూడండి. మొదటి రోజు ఒకటి రెండు చుక్కల రక్తం, కొంచెం వాపు మామూలే. రక్తం ఆగకుండా కారుతున్నా, వాపు రోజురోజుకూ పెరుగుతున్నా, చీము వాసన వచ్చినా, మర్నాటికి కూడా తిండి ముట్టకపోయినా ఆసుపత్రికి బయలుదేరండి. బండి లేకపోతే పశువుల అంబులెన్స్ కోసం 1962కి ఫోను చేసి చూడండి. అదేపనిగా నాకుతుంటే మెడకు కోన్ వేయాలి. కొన్నది లేకపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును అంచులకు గుడ్డ కుట్టి చుట్టవచ్చు.

మరో సంగతి చాలామందికి తెలియదు. ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే పిల్లి మారిపోదు. రక్తంలోని హార్మోను తగ్గి, పాత అలవాట్లు సద్దుమణగడానికి వారాలు పడుతుంది. నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాల పాటు ఆడ పిల్లికి చూలు కట్టించగలదు కూడా. నెలన్నర దాకా ఆపరేషన్ కాని ఆడ పిల్లికి దూరంగా ఉంచండి. “చేయించినా లాభం లేదు” అనే మాట రెండో వారంలో అనకండి, రెండో నెలలో చూడండి.

తిండి, మూత్రం

ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన శక్తి మాత్రం సుమారు పాతిక శాతం తగ్గుతుంది. ఎప్పటిలా పెడితే ఆరు నెలల్లో పొట్ట నేలకు తగులుతుంది. పెట్టేది నాలుగో వంతు తగ్గించండి, రెండు పూటలుగా పంచండి, నెలకోసారి తూకం వేయండి. పాలు, పెరుగన్నం మీద పిల్లిని పెంచడం మన ఇళ్లలో ఆనవాయితీ. పిల్లి మాంసాహారి. దానికి కావలసిన టారిన్ అనే పోషకం అన్నంలో, పప్పులో దొరకదు. అది లేకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఉడికించిన కోడి మాంసం, కార్జం కొద్దిగా, ముల్లు తీసిన చేప, గుడ్డు పెట్టండి. కరువాడులో ఉప్పు ఎక్కువ, పండగలా ఎప్పుడో ఒకసారి చాలు. శాకాహార కుటుంబమైతే దుకాణంలో దొరికే పిల్లి తిండిని కొలిచి పెట్టండి.

నీళ్లు రెండు మూడు చోట్ల ఉంచండి. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది, గులకలు అడ్డుపడితే మూసుకుపోతుంది. చిన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే నాళం ఎదగక ఇలా అవుతుందని కొందరు భయపెడతారు. కొలిచి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, ఆ భయంతో ఆలస్యం చేయకండి. అయితే ఆపరేషన్ అయినా కాకపోయినా ఈ జబ్బు ఏ మగపిల్లికైనా రావచ్చు. పిల్లి తొట్టిలోకి పదేపదే వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, ఒక్క చుక్కా పోయకపోతే దాన్ని మలబద్ధకమని ఆముదం పట్టించకండి. అదే రోజు డాక్టరు దగ్గర ఉండాలి. రెండు మూడు రోజులు గడిస్తే బతకదు.

మీ ఇంట్లో ఇప్పుడు నాలుగు నెలల మగపిల్లి ఉంటే ఈ వారమే పశువుల డాక్టరుకు ఫోను చేసి రోజు అడగండి. టీకా కాకపోతే ముందు ఆ టీకాకే రోజు అడగండి. ఆ తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసి, పక్కన అవ్వకు కనబడేలా ఇంకో మాట రాయండి: రాత్రి పది తర్వాత పాలు పెట్టవద్దు.